గొడ్డలి ఎత్తే ముందు



"నా చెల్క, నా చెట్టు. మా నాయిన పెట్టిండు. దాన్ని కొట్టనీకి నేనెవల్నడగాలె సారూ?"

పరిగి వైపు ఒక పల్లెలో, ఇంటిముందు వేపచెట్టు కింద మంచం వేసుకొని కూర్చున్న ఒక పెద్దాయన నన్ను ఈ మాట అడిగి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పుడు నేను అటవీశాఖలో పనిచేస్తున్నాను. వాల్టా చట్టం కొత్తగా వచ్చింది. ఆయన మాటలో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ ప్రశ్న నాకు ఎదురవుతూనే వచ్చింది. పల్లెలో రైతు అడిగాడు, పట్నంలో ఇల్లు కట్టుకునేవారు అడిగారు, రోడ్డు వేయించే కాంట్రాక్టరు అడిగాడు. నా చెట్టు కొట్టుకోవడానికి నాకు ఒకరి అనుమతి ఎందుకు? ఈ పూట మీకు నేను చెప్పదలచుకున్నది ఈ ప్రశ్నకు జవాబు.

ముందు చట్టం సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే మనం వాల్టా అంటున్నాం. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ అది అమల్లో ఉంది. బోరు వేయాలంటే వాల్టా, వాగులో ఇసుక తీయాలంటే వాల్టా అని రైతులందరికీ తెలుసు. అయితే ఆ చట్టం పేరులోనే చెట్టు కూడా ఉందన్న సంగతి చాలామందికి పట్టదు. నీటినీ, భూమినీ, చెట్టునూ ఒకే చట్టంలో ఎందుకు పెట్టారు? ఒకదాన్ని విడిచి ఇంకొకటి బతకదు కాబట్టి. చెట్టు నీడపడిన చోట నేల తడి త్వరగా ఆరదు, వేళ్ళు పట్టుకున్న చోట మట్టి కొట్టుకుపోదు, వాన నీరు నిదానంగా లోపలికి ఇంకుతుంది. నీ చెట్టు కింద ఇంకిన నీరు పక్కవాడి బావిలో ఊరుతుంది. చెట్టు నీదే, దాని మేలు మాత్రం నీ గెట్టు దగ్గర ఆగదు. పట్టా భూమిలో చెట్టుకైనా అనుమతి అడగమని చట్టం చెప్పడంలో ఉన్న న్యాయం ఇదే.

ఇక పద్ధతి చెబుతాను. చాలామంది భయపడినంత కష్టం కాదు.

మొట్టమొదట తేల్చుకోవలసింది చెట్టు ఎవరిదన్న సంగతి. మన దుకాణం ముందుందని రోడ్డు పక్క చెట్టు మనదైపోదు. అది ఆర్ అండ్ బీదో, పంచాయతీదో, మునిసిపాలిటీదో అయి ఉంటుంది. బోర్డు కనిపించడం లేదని దాన్ని కొట్టించే హక్కు దుకాణదారుకు లేదు. మన పొలంలో చెట్టయితే పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి ఆవరణలోదయితే ఇంటి కాగితాలు దగ్గర పెట్టుకోవాలి. దరఖాస్తులో సర్వే నంబరు, ఏ జాతి చెట్టు, ఎన్ని చెట్లు, ఎంత లావు, ఎందుకు కొట్టాలనుకుంటున్నారు అన్నవి స్పష్టంగా రాయాలి. చెట్టు ఫోటోలు జతచేస్తే మంచిది. పల్లెల్లో అటవీశాఖ రేంజి ఆఫీసులో అడగాలి. పట్టణాల్లో మునిసిపాలిటీ వారిని కూడా సంప్రదించాలి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే వీలు కూడా వచ్చింది.

సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటివి రైతు పంటలాగే వేసి, కాగితం మిల్లులకు అమ్ముకునే చెట్లు. ఇలాంటి వాటికి మినహాయింపులు ఉన్నాయి. ఆ జాబితాలో అప్పుడప్పుడు మార్పులు జరుగుతుంటాయి కాబట్టి, పక్కింటివారి మాట మీద గొడ్డలి ఎత్తకుండా ఒకసారి రేంజి ఆఫీసులో అడిగి నిర్ధారించుకోండి. ఎర్రచందనం సంగతి వేరు. శేషాచలం, పాలకొండ, వెలిగొండ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగని చెట్టు అది. 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద కూడా దాని వ్యాపారం మీద అదుపు ఉంది. మీ తోటలో మీరే నాటి పెంచిన ఎర్రచందనమైనా సరే, అనుమతి లేనిదే కొట్టకూడదు, కదిలించకూడదు.

దరఖాస్తు అందాక అధికారి వచ్చి చెట్టును చూడాలి. అనుమతిలో అసలు ప్రాణం ఇక్కడే ఉంది. పరిగి పెద్దాయన ఇంటికి నేను వెళ్ళింది అందుకే.

ఆయన రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాడు. దర్వాజలకూ కిటికీలకూ కర్ర కావాలి. ఇంటిముందు వేప బాగా లావెక్కి ఉంది. మేము చెట్టు లావును నేలకు ఆనుకున్న చోట కొలవం. మొదలు దగ్గర వేళ్ళు ఉబ్బి లెక్క తప్పుతుంది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే నిలబడ్డ మనిషి రొమ్ము దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత తీస్తాం. ఆ రోజు నా వెంట ఎవరూ లేరు. టేపు రెండో కొస పెద్దాయనే పట్టుకున్నాడు. చెట్టుకు అటువైపు నుంచి తిప్పి తెచ్చి నాకు అందించేటప్పుడు, ఆయన చెయ్యి బెరడు మీద ఒకచోట ఆగింది. అక్కడ ఒక పాత ఇనుప కొక్కెం, చెట్టు కండలో సగం పూడుకుపోయి కనబడింది. "మా పెద్దపోరి ఉయ్యాల కొండి సారూ" అన్నాడు.

ఇంతలో ఇంట్లోంచి ఆయన భార్య బయటికొచ్చింది. నాకు మంచినీళ్ళ చెంబు ఇచ్చి, మొగుడి వైపు తిరిగి ఒకే మాట అడిగింది. "గీ చెట్టు వోతే ఎండకాలం బర్రెల్ని యాడ కట్టెయ్యాలె?" పెద్దాయన జవాబు చెప్పలేదు. చాలాసేపు తల పైకెత్తి కొమ్మల్లోకి చూశాడు. ఆ చెట్టు కింద పుట్టి పెరిగినవాడు, అంతసేపు దాన్ని అలా చూడటం ఎన్నేళ్ళకో అని నాకనిపించింది.

తర్వాత ఆయనే నన్ను పొలానికి తీసుకుపోయాడు. గెట్టు మీద ఇంకో వేప ఉంది. పిడుగు పడి పై సగం ఎండిపోయింది, మాను మాత్రం గట్టిగా ఉంది. దర్వాజలకు అది సరిపోతుందా అంటే సరిపోతుందన్నాడు. పాత దరఖాస్తు పక్కన పెట్టి కొత్తది రాశాం. చెట్టుకు రంగుతో నంబరు వేశాం. ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో పంచనామా జరిగింది. అనుమతి వచ్చింది. చెట్టు కొట్టాక దుంగల కొసన సుత్తి ముద్ర వేశాం. అనుమతి ఉన్న కలప అని చెప్పే గుర్తు అది. రవాణా పర్మిట్టు కాగితం చేతబట్టుకొని, ఆయన ఎడ్లబండి మీద దుంగల్ని కోత మిల్లుకు తోలుకుపోయాడు. దారిలో ఎవరు ఆపినా భయపడవలసిన పని లేకపోయింది.

అనుమతి అంటే అడ్డు అనుకుంటారు. ఆ రోజు ఆ ఇంటికి దర్వాజలూ దక్కాయి, చెట్టూ దక్కింది. గొడ్డలికీ చెట్టుకూ నడుమ కొన్నాళ్ళ వ్యవధి దొరకడం వల్ల, ఆ చెట్టును మరోసారి కళ్ళారా చూడటం వల్ల అది సాధ్యమైంది. ఇల్లు ఆగకూడదు, రోడ్డు ఆగకూడదు, నిజమే. కొట్టకుండా జరిగే దారి ఉందా అని ఒక్కసారి వెతకమనే చట్టం అడుగుతోంది. కొమ్మలు కొట్టిస్తే సరిపోయే చోట మాను నరకనక్కర్లేదు. గోడ రెండడుగులు పక్కకు జరిపితే మిగిలే చెట్లు మన ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు.

చూడకుండా ఇచ్చిన అనుమతి ఎంత చెరుపు చేస్తుందో కూడా నాకు తెలుసు. ఆ తప్పు నేనే చేశాను. ఒక రోడ్డు పనికి అడ్డం వస్తున్న చింతచెట్ల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. మాను కొలతలు సరిగ్గా ఉన్నాయి. సంతకం పెట్టాను. వానాకాలం అది. చెట్టు పడిన రోజు నేను అక్కడికి వెళ్ళేసరికి, విరిగిన కొమ్మల మధ్య పుల్లల గూళ్ళు, రెక్కలు రాని కొంగపిల్లలు ఉన్నాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి. తల్లి కొంగలు పైన తిరుగుతూనే ఉన్నాయి. నా జాబితాలో చెట్టు చుట్టుకొలతకు గడి ఉంది, గూటికి గడి లేదు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా నేను ఏ చెట్టు కిందికి వెళ్ళినా టేపు తీసే ముందు తల ఎత్తి చూశాను. నా కింద పనిచేసినవాళ్ళందరికీ అదే నేర్పాను. రెండు నెలలు ఆగితే పిల్లలు ఎగిరిపోతాయి. రెండు నెలలు ఆగలేని రోడ్డు అరుదు.

హిందూపురం వైపు వీరాపురం అనే ఊరుంది. ఏటా అక్కడికి రంగు కొంగలు వచ్చి, ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అంతే, అక్కడ గూడబాతులు కూడా వస్తాయి. పెరట్లో వందల పక్షులుంటే రెట్టలు పడతాయి, వాసన వేస్తుంది, అరుపులకు నిద్ర పట్టదు. అయినా ఆ ఊళ్ళవాళ్ళు ఆ చెట్లను కాపాడుకుంటూ వస్తున్నారు. పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని వాళ్ళ నమ్మకం. ఆ పల్లెల మనుషులు నమ్మకంతో చేస్తున్న పనినే తక్కిన మనందరి చేత చేయించడానికి చట్టం పెట్టవలసి వచ్చింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అనుమతి రాదేమోనన్న అనుమానంతో కొందరు దొంగదారి పడతారు. చెట్టు మొదట్లో చుట్టూ బెరడు ఒలిచేస్తారు, రంధ్రం చేసి యాసిడ్ పోస్తారు, వేళ్ళ దగ్గర చెత్త పోగుచేసి నిప్పు పెడతారు. ఆరు నెలలు పోయాక ఎండిపోయిన చెట్టు కదండీ అంటూ దరఖాస్తు పట్టుకొస్తారు. బెరడు లోపలి పొర గుండానే ఆకులు వండిన ఆహారం వేళ్ళకు దిగుతుంది. చుట్టూ ఆ పొర తెగితే వేళ్ళు ఆకలితో చస్తాయి. కర్రలోంచి నీళ్ళు పైకి ఎక్కుతూనే ఉంటాయి కాబట్టి కొన్నాళ్ళు ఆకు పచ్చగానే ఉంటుంది. చెట్టు బతికే ఉందనుకుంటాం, అది మెల్లగా చచ్చిపోతూ ఉంటుంది. అనుభవమున్న అధికారి కంటికి ఆ గాయం దాగదు. దాగినా అది ఘోరమే. ఇంటి ముందు ఏళ్ళ తరబడి నీడనిచ్చినదాన్ని ఆకలితో చంపడం ఏ అవసరానికీ తగదు.

అనుమతి ఉందా అని ఒక్క వేపచెట్టు గురించి రైతును అడిగే ప్రశ్న ప్రభుత్వాన్ని కూడా అడగాలి కదా అని మీరనవచ్చు. అడగాలి. అడుగుతున్నారు కూడా. 1996 డిసెంబర్ 12న గోదవర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు, అడవి అనే మాటకు మామూలు అర్థంలో వచ్చే ప్రతి అడవికీ కేంద్ర అనుమతి రక్షణ కల్పించింది, అది ఎవరి పేరున ఉన్నా సరే. 2025 ఉగాది రోజుల్లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద యంత్రాలు దిగి చెట్లు కూల్చడం మొదలుపెడితే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. చెట్లు కొట్టే ముందు అనుమతి తీసుకున్నారా అని రాష్ట్ర ప్రభుత్వాన్నే నిలదీసింది. పరిగి పెద్దాయనను నేను అడిగినదీ, ప్రభుత్వాన్ని కోర్టు అడిగినదీ ఒకే ప్రశ్న. అదే ఏడాది మార్చిలో, ఆగ్రా చుట్టూ తాజ్ రక్షణ మండలంలో అనుమతి లేకుండా 454 చెట్లు నరికించిన వ్యక్తికి చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా ఖాయం చేసింది. అన్ని చెట్లు నరకడం మనిషిని చంపడం కన్నా ఘోరమని, ఆ పచ్చదనం తిరిగి రావడానికి కనీసం నూరేళ్ళు పడుతుందని వ్యాఖ్యానించింది.

చెట్టుకు వెల కట్టగలమా? ఒకసారి కట్టి చూశారు. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం చెట్లు కొట్టే కేసులో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల సంఘం, ఒక చెట్టు ఏడాదికి 74,500 రూపాయల మేలు చేస్తుందని 2021లో లెక్క చెప్పింది. అది ఇచ్చే ప్రాణవాయువు, నేలకు చేర్చే ఎరువు, ఇలా అన్నీ కలిపి. కోత మిల్లులో ఒక మాను పలికే ధర పక్కన ఈ లెక్క పెట్టి చూడండి.

నేను రోడ్లకు వ్యతిరేకిని కాను. హైదరాబాద్ అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ళ మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారి పొడవునా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటినవి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేస్తారంటే, జనం హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. కేసు ఏళ్ళపాటు నడిచింది. ఆ దారి ఇరుకు కూడా నిజమే. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 19 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఇళ్ళ దుఃఖం ముందు చెట్టు గొప్పా మనిషి గొప్పా అని వాదించడం తప్పు. నాకు తోచేది ఒకటే. చివరికి చాలా మర్రులను ఉన్నచోటే ఉంచి, తప్పని వాటిని వేళ్ళతో సహా తీసి వేరేచోట నాటే దారి దొరికింది. ఆ దారిని మొదటి రోజే వెతికి ఉంటే, రోడ్డూ ముందే వచ్చేది, చెట్లూ మిగిలేవి. చెట్టును చూడకుండా గీసిన నక్షా వల్లే చెట్టుకూ మనిషికీ తగువు పుట్టింది.

చెట్టు అవసరాన్నీ మనిషి అవసరాన్నీ కలిపి ఆలోచించిన చట్టం మనకు లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం చూడండి. అడవిలోని గూడేనికి బడి, అంగన్‌వాడీ, దవాఖానా, దారి లాంటివి కావాలంటే, ఒక్కొక్క పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లు మించకుండా తీసుకోవచ్చని అందులో ఉంది. దానికి గ్రామసభ సిఫారసు ఉండాలి. అంటే ఆ చెట్ల కింద బతికేవాళ్ళే కూర్చుని, ఈ చెట్టు పోవచ్చు, ఆ చెట్టు పోకూడదు అని తేల్చుకోవాలి. చెట్టును రోజూ చూసేవాళ్ళ మాటకు విలువ ఇచ్చిన పద్ధతి అది.

చివరగా మొక్కల సంగతి. కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటి పెంచడం అనుమతితో పాటు వచ్చే బాధ్యత. మనం నాటడం దగ్గర ఆగిపోతున్నాం. ఫోటో దిగి, నీళ్ళు ఒక చెంబు పోసి వచ్చేస్తున్నాం. మొక్క బతకాలంటే కనీసం మూడు ఎండాకాలాలు దాటాలి. చుట్టూ కంప కట్టాలి, పాదు తీయాలి, వారానికి రెండుసార్లయినా నీళ్ళు పోయాలి. నూరేళ్ళ మర్రికి నూరు మొక్కలు నాటినా, రేపటి ఎండలో నీడ రాదు. అందుకే కొట్టకుండా మిగిల్చిన చెట్టు, నాటిన మొక్కల కన్నా ముందు లెక్కకు రావాలి.

శ్రోతలారా, మీకు నా విన్నపం ఇది. మీ చెట్టు కొట్టవలసి వస్తే ముందు ఇంట్లో అందరినీ పిలిచి ఒకసారి దాని కింద నిలబడండి. ఆడవాళ్ళ మాట వినండి, ఆ నీడను ఎక్కువ వాడుకునేది వాళ్ళు. తల ఎత్తి గూళ్ళున్నాయేమో చూడండి. కొమ్మలతో సరిపోతుందేమో ఆలోచించండి. అప్పటికీ తప్పదంటే దరఖాస్తు పెట్టండి, అధికారిని వచ్చి చూడమని అడగండి, చూడకుండా సంతకం పెడతానంటే ఒప్పుకోకండి. చెట్టు గాలివానకు ఒరిగి ఇంటి మీద పడేలా ఉంటే ఆలస్యం చేయకుండా అధికారికి ఫోన్ చేయండి, ఫోటోలు తీసి ఉంచండి. ఉద్యోగంలో ఉన్న నా తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. దరఖాస్తుదారుణ్ణి పదిసార్లు తిప్పుకోకండి. తిప్పుకుంటే వాళ్ళు రాత్రిపూట రంపం పట్టుకుంటారు. మనం ఆలస్యం చేసిన పాపం చెట్టు అనుభవిస్తుంది.

మొన్న వేసవిలో పరిగి దారిన వెళుతూ ఆ పల్లెలో ఆగాను. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయిందట. కొట్టిన చెట్టుకు బదులు ఆయన గెట్టు మీద నాటిన రెండు వేపమొక్కల్లో ఒకదాన్ని మేకలు తినేశాయి. కంప కట్టిన రెండోది చెట్టయింది, దాని కింద ఆయన మనవడు ట్రాక్టరు ఆపుకున్నాడు. ఇంటికి పిడుగు పడిన వేప దర్వాజలే ఉన్నాయి, చెద పట్టలేదు. ఇంటిముందు పాత చెట్టు కింద రెండు బర్రెలు కట్టేసి ఉన్నాయి. ఉయ్యాల కొండిని బెరడు పూర్తిగా కప్పేసింది. అది ఎక్కడుండేదో చేత్తో తడిమి చూపించగలిగినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే, నేనూ, ఆ ఇంటి పెద్దకూతురూ.